ఇసుకలో పన్నెండు స్తంభాలు

రెంటచింతలలో కరెంటు స్తంభం పాతినవాడు ప్రపంచంలో ఎక్కడైనా పాతగలడని ఇరవై ఎనిమిదేళ్ళు నమ్మాను. మా నేల అలాంటిది. గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేస్తుంది. రెండడుగులు తవ్వేసరికి చొక్కా పిండుకోవాల్సి వస్తుంది. అయిదడుగుల గొయ్యి తీసి, స్తంభం దించి, చుట్టూ రాళ్ళు కూరి సమ్మెటతో బిగించామంటే ఇక దాన్ని కదిలించడానికి జేసీబీ రావాల్సిందే. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పాతిన స్తంభాలు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. మాచర్ల బస్సులో పోతూ కిటికీలోంచి వాటిని చూసుకుని మీసం మెలేసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మీసం తెల్లబడింది గానీ మెలేసే అలవాటు మాత్రం పోలేదు.

మొన్నటి తుఫాను మా వైపు గాలివానతో సరిపెట్టింది. మిర్చి తోటలు పడుకున్నాయి, నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, రెండు రోజుల్లో అన్నీ సరిచేశాం. మూడో రోజు పొద్దున మా అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారు ఫోన్ చేశారు. సముద్రం ఒడ్డున ఒక మిలిటరీ స్థావరం ఉంది, దానికి వెళ్ళే లైను మొత్తం పడిపోయింది, పక్క జిల్లాల నుంచి గ్యాంగులు కావాలంటున్నారు, పది మందిని తీసుకుని బయల్దేరమన్నారు. ఎన్ని స్తంభాలు సార్ అని అడిగితే పన్నెండు అన్నారు. నాకు నవ్వొచ్చింది. పన్నెండు స్తంభాల కోసం పల్నాడు నుంచి మనుషులు పోవాలా అనిపించింది.

"ఆదివారం చర్చి పూజ టైముకి ఇంట్లో ఉంటా" అని మా ఆవిడతో చెప్పాను. అది గురువారం.

బయల్దేరే ముందు నేనొక ఘనకార్యం చేశాను. సముద్రపు ఒడ్డున రాయి దొరకదు కదా, మరి స్తంభం చుట్టూ ఏం కూరతాం? మాచర్లలో నాపరాళ్ళు కోసే చోట్ల వెనకాల ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని లారీ నిండా ఎత్తించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందయ్యా ఇది? తుఫానొచ్చినోళ్ళకి ఎవురైనా బియ్యం తీసుకుపోతారు. సముద్రానికి రాళ్ళు మోసుకుపోతన్నావా?"

"నీకేం తెలుసే! స్తంభానికి రాయే ప్రాణం" అన్నాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

మా గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు మాచర్ల మేస్త్రి. సాయిబుల కుటుంబం. నేను ఆయన్ని మావా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. స్తంభం ఎత్తేటప్పుడు ఆయన కేక వేస్తేనే పది జతల చేతులు ఒక్కసారి లేస్తాయి. ఉర్దూ వచ్చు కాబట్టి మిలిటరీ వాళ్ళతో మాటలు ఆయనకే అప్పగించాను.

సాయంత్రానికి చేరాం. దారి పొడుగునా సరుగుడు తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకు పడి ఉన్నాయి. స్థావరం ప్రహరీగోడ సగం కూలింది. జవాన్ల క్వార్టర్ల మీద రేకులు ఎగిరిపోయి, వంటగదులకు ఆకాశమే పైకప్పయింది. గోడకు అవతలే మత్స్యకారుల పల్లె. అక్కడ ఇళ్ళే లేవు, గుంజలు మిగిలాయి. పల్లె జనమంతా స్థావరంలో పిల్లలు చదువుకునే బడిలో తలదాచుకున్నారు. మెస్సులో పెద్ద గిన్నెలు పెట్టి అందరికీ కలిపి వండుతున్నారు. జవాన్ల ఆడవాళ్ళూ పల్లె ఆడవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు గానీ ఉల్లిపాయ కన్నీళ్ళకు భాషతో పనేముంది.

అక్కడి పనులన్నీ చూసే సుబేదారు ఉత్తరాది మనిషి. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ళు. విషయం ఆయన చెబుతుంటే మావ తెలుగు చేశాడు. పల్లె బావుల్లోకి సముద్రపు నీళ్ళు ఎక్కాయి, ఆ నీళ్ళు నోట పెట్టలేరు. ఇప్పుడు క్వార్టర్లకూ పల్లెకూ కలిపి తాగే నీళ్ళు ఒక్క చోట నుంచే రావాలి, స్థావరం చివర ఉన్న పంపు హౌసు నుంచి. మోటారు జనరేటరు మీద ఆడుతోంది. మా లారీ దాటి వచ్చిన గంటకే రోడ్డు గండి పడి తెగిపోయింది, ఇక డీజిలు రాదు. ఉన్నది ఎల్లుండి సాయంత్రం దాకా సరిపోతుంది. ఆ తర్వాత టాంకులో మిగిలిన నీళ్ళే. మెయిన్ రోడ్డు నుంచి పంపు హౌసు దాకా ఇసుకలో పడి ఉన్న ఆ పన్నెండు స్తంభాలు లేస్తే నీళ్ళు, లేవకపోతే లేవు.

"కబ్ తక్?" అన్నాడు సుబేదారు నా వైపు తిరిగి. ఆ మాత్రం హిందీ నాకూ వచ్చు.

"రేపు స్తంభాలు, ఎల్లుండి పొద్దున్నే తీగ. ఎల్లుండి మధ్యాన్నానికి నీళ్ళు. పల్నాడోళ్ళ మాట అని చెప్పు మావా" అన్నాను. మావ చెప్పాడు. సుబేదారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపాడు.

మర్నాడు పని మొదలుపెడితే మావాళ్ళకు పండగలా ఉంది. గడ్డపారే అక్కర్లేదు, పారతో ఇసుక తోడేస్తే చాలు. "ఇదేం నేల సారూ, కేకు కోసినట్టుంది" అన్నాడు శావల్యాపురం నుంచి వచ్చిన హెల్పరు. గొయ్యి గోడలు విరిగి పడుతున్నాయని కాస్త విసుగు తప్పిస్తే గొయ్యి తర్వాత గొయ్యి తీసేశాం. స్తంభం దించడం, చుట్టూ మాచర్ల రాళ్ళు కూరడం, సమ్మెటతో మోదడం. మిట్టమధ్యాహ్నం ఎండకు జవాన్లు నీడ వెతుక్కుంటుంటే మావాళ్ళు నవ్వుకున్నారు. రెంటచింతల వేసవి చూసినవాళ్ళకు ఇది ఎండేనా?

అప్పుడొచ్చింది ఆవిడ. అరవై దాటిన పల్లె మనిషి, చంకలో ఖాళీ బిందె. గొయ్యి దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది.

"నాయనా, రాళ్ళు పోస్తే ఈ ఇసక పట్టుకోదు. మా పడవలోళ్ళనొకసారి అడగండి" అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. పది మంది ముందు. నాకు చర్రున కాలింది.

"పెద్దమ్మా, నువ్వు పోయి చేపలు ఎండేసుకో. స్తంభాల సంగతి మాకు తెలుసులే. మేం రాళ్ళల్లో పుట్టినోళ్ళం" అన్నాను. మావాళ్ళు గొల్లుమన్నారు. మావ ఒక్కడే నవ్వలేదు. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, బిందె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, లేదు. నేను అప్పుడది పట్టించుకోలేదు.

పొద్దుగూకేసరికి పన్నెండు స్తంభాలూ వరసగా నిలబడ్డాయి. ఫోటో తీసి ఏఈ గారికి పంపించాను. ఆయన చప్పట్లు కొట్టే బొమ్మ పంపారు.

తెల్లారి లేచి చూస్తే ఏడు స్తంభాలు వంగి ఉన్నాయి. ఒకటి అటు, ఒకటి ఇటు, కల్లు పాక దగ్గర జనంలాగా. మిగతా అయిదింటికి తీగ కట్టి లాగబోతే అవీ ఆ బరువుకు నెమ్మదిగా తలలు వంచాయి. గొయ్యి తోడి చూస్తే మా రాళ్ళన్నీ అడుక్కి దిగిపోయాయి. రాయికి రాయి పట్టుకుంటుంది గానీ, ఇసుక రాయిని ఎందుకు పట్టుకుంటుంది? జారి దారి ఇచ్చేస్తుంది. ఈ చిన్న సంగతి ముందే ఆలోచించకపోవడానికి కారణం ఒకటే. మా ఊళ్ళో ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఏఈ గారికి ఫోన్ చేస్తే కాంక్రీటు పోయమన్నారు. రోడ్డు తెగి డీజిలే రాకపోతే సిమెంటు ఎలా వస్తుంది? వచ్చినా అది గట్టిపడేదాకా జనం నీళ్ళు లేకుండా కూర్చుంటారా? ఆ సాయంత్రానికి డీజిలు ఆఖరు. సుబేదారు వచ్చి స్తంభాలను చూసి, నన్ను చూసి వెనక్కి వెళ్ళాడు. వెళ్ళి నీళ్ళు ఇంటికి రోజుకో బిందె అని రేషను పెట్టించాడు. నేను చెప్పిన మధ్యాహ్నం మధ్యాహ్నంలాగే వచ్చి పోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని అంటారు. నా తల తన్నింది పిడికెడు ఇసుక.

"మావా, ఆ పెద్దమ్మని నువ్వు అడుగు. నీది పెద్దరికం" అన్నాను.

"తిట్టింది నువ్వు. అడగాల్సింది నువ్వే అల్లుడా. నేను పక్కన నిలబడతా" అన్నాడు.

ఆవిడ కూలిన తన ఇంటి దగ్గర ఇసుకలోంచి గిన్నెలు తవ్వుకుంటోంది. నేను దగ్గరికి వెళ్ళి చెప్పులు విడిచి నిలబడ్డాను. ఎందుకు విడిచానో నాకే తెలియదు.

"పెద్దమ్మా, నిన్న నోరు జారా. నువ్వు చెప్పిందే నిజం. ఎట్టా నిలబెట్టాలో చెప్పు" అన్నాను.

బతిమాలించుకుంటుందేమో అనుకున్నాను. చేతికున్న ఇసుక దులుపుకుని "పదండి" అంది. అంతే.

పల్లె మగవాళ్ళను కేకేసింది. వాళ్ళు ఒడ్డున పడవ కట్టే చోటుకు తీసుకెళ్ళి తవ్వి చూపించారు. లోతున ఒక తాటి మొద్దు అడ్డంగా పడుకుని ఉంది. నడుముకు తాడు. ఆ తాడే పైన పడవను పట్టుకుని ఉంది. తుఫానుకు పడవ పగిలింది గానీ మొద్దు బెత్తెడు కూడా జరగలేదు. ఇసుకను ఎదిరించకూడదు, దాన్నే బరువుగా నెత్తిన పెట్టుకోవాలి. స్తంభం కాలికి అడ్డంగా మొద్దు కట్టాలి. దాని మీద ఇసుక బస్తాలు పేర్చాలి, బస్తాలో ఉన్న ఇసుక జారదు. ఆ పైన విడి ఇసుక పోస్తూ నీళ్ళు గుమ్మరిస్తూ తొక్కాలి. తడి ఇసుక అణిగి రాయవుతుంది. మా ఊరి రాయి కాదు, వాళ్ళ ఊరి రాయి.

ఆ మధ్యాహ్నం నుంచి అక్కడ ఎవరు మిలిటరీ, ఎవరు పల్లె, ఎవరు పల్నాడు అన్నది తెలియకుండా పోయింది. పడిపోయిన సరుగుడు చెట్లను జవాన్లు రంపాలతో మొద్దులుగా కోశారు. బస్తాలకు కొదవ లేదు, మిలిటరీ వాళ్ళ దగ్గర కాపలా గోడలు కట్టే ఖాళీ బస్తాలు గది నిండా ఉన్నాయి. ఉల్లిపాయలు కోసిన ఆడవాళ్ళంతా వచ్చి వాటిలో ఇసుక నింపారు. పల్లె వాళ్ళు సముద్రం నుంచి నీళ్ళు మోశారు. మావ కేకకు "హైసా" అని జవాన్లు కూడా గొంతు కలిపారు. మొదటి స్తంభం నిలబడ్డాక నేను భుజం ఆనించి తోశాను. కదల్లేదు. నాలో చచ్చిపోయిన మనిషి మళ్ళీ లేచి కూర్చున్నాడు.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది. "స్తంభాలు నిలబడ్డయ్యా?"

"నిన్నటివి పడుకున్నయ్యి. ఇయ్యాల్టివి నిలబడ్డయ్యి."

"మరి రాళ్ళో?"

"పంపు దగ్గర కుళాయి కింద పరిచారు. బిందెలు బురదలో దిగకుండా."

"ఏదో ఒకదానికి పనికొచ్చినయ్యి లే" అంది. ఆదివారం సంగతి నేను ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే టాంకు అడుగు కనిపించింది. పదింటికి ఎండ ముదిరింది, మావాళ్ళ సీసాలు ఖాళీ అయ్యాయి. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పెద్దమ్మ తన బిందెతో వచ్చింది. ఇంటికి ఒక్కటే బిందె, అది ఆ ఇంటి రోజంతటి నీళ్ళు. చెంబుతో ముంచి పది మందికీ వరసగా పోసింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను వద్దన్నాను. "తాగు నాయనా, ఎండ పొద్దు" అంది. తాగాను. ఆ నీళ్ళు గొంతు దిగుతుంటే రెండు రోజుల కింద నేనన్న మాట ఎదురొచ్చి అడ్డుపడింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

నాలుగు గంటలకు పన్నెండో స్తంభం, తీగ, పింగాణీ ఇన్సులేటర్లు, అన్నీ పూర్తయ్యాయి. ఇక మిగిలింది కరెంటు వదలమనడం. మా పనిలో దానికొక కట్టుబాటు ఉంది. లైను మీద పని చేయడానికి ముందు సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియరెన్స్ తీసుకుంటాం, ఎల్‌సీ అంటాం. ఎవరి పేరు మీద తీసుకున్నామో ఆ మనిషే తన నోటితో తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా కలెక్టరు చెప్పినా ఆపరేటరు స్విచ్ వెయ్యడు. పది మంది ప్రాణాలు ఆ ఒక్క మాట మీద ఉంటాయి. ఈ ఎల్‌సీ నా పేరు మీద ఉంది.

పంపు హౌసు ముందు జనం బిందెలతో బారులు తీరారు. సుబేదారు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఫోన్ తీశాను, నంబరు కూడా నొక్కబోయాను. నొక్కలేదు. నిన్న కాక మొన్న ఇవే కళ్ళతో స్తంభాలు చూసి బాగున్నాయనే కదా ఫోటో తీసి పంపాను. బారులో ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"పెద్దమ్మా, నువ్వు చూసి సరేనంటేనే కరెంటు వదలమంటా."

ఆవిడ బిందె కింద పెట్టి నాతో వచ్చింది. ఒక్కో స్తంభం దగ్గరా ఆగి రెండు చేతులూ ఆనించి తోసింది, కాలితో మొదట్లో తొక్కి చూసింది, తలూపి ముందుకు నడిచింది. తొమ్మిదో స్తంభం దగ్గర ఆగిపోయింది.

"ఇది ఇంకోసారి కట్టండి."

నేను తోశాను. కదల్లేదు. మావ తోశాడు. కదల్లేదు. వెనక జనం కేకలు మొదలుపెట్టారు, పిల్లలు దప్పికకు ఏడుస్తున్నారని.

"గట్టిగానే ఉంది గదా పెద్దమ్మా?"

"ఉంది. అయినా ఇంకో మొద్దు కట్టండి."

"ఏంది కారణం?"

ఆవిడ స్తంభం మొదలు వైపు చూస్తూ చెప్పింది. చానా ఏళ్ళ కిందట ఇట్లాగే తుఫాను వచ్చిందట. ఎక్కడి నుంచో ఒక గ్యాంగు వచ్చి ఒక్క రోజులో స్తంభాలు పాతి వెళ్ళింది. వారం తిరక్కుండా ఇక్కడి స్తంభం వంగి తీగ మనిషి ఎత్తుకు దిగింది. తెల్లారగట్ల చీకట్లో ఆవిడ భర్త భుజాన వలేసుకుని సముద్రానికి బయల్దేరాడు.

"ఇక్కడే" అంది. ఏడవలేదు. "ఆ వచ్చినోళ్ళక్కూడా చెప్పా నాయనా, రాళ్ళు పోస్తే ఇసక పట్టదని. వాళ్ళూ నవ్వారు. ఆ రోజు నుంచీ నేను ఈ తీగ కింద నడవలా. నీళ్ళకైనా వాగు చుట్టూ తిరిగే పోతా."

మొన్న నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు తెలియని ఆ మొదటి గ్యాంగు మనిషిని తిట్టుకుందామంటే నా మొహమే గుర్తొచ్చింది. మావ సుబేదారుకు సంగతి చెప్పాడు. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, నా చేతిలోంచి పార లాక్కుని తనే తవ్వడం మొదలుపెట్టాడు. రెండో మొద్దు అడ్డంగా కట్టాం, మరో వరస బస్తాలు దించాం. గంట పైన పట్టింది. బారులో ఒక్కరు కూడా గొంతెత్తలేదు. పల్లె వాళ్ళందరికీ ఆ చోటు తెలుసు.

అప్పుడు ఫోన్ చేశాను. "నా పేరు మీద తీసుకున్న ఎల్‌సీ నేనే వాపసు ఇస్తన్నా. మా మనుషులు పది మందీ లైను దిగారు, తీగకు కట్టిన ఎర్తులు తీశాం. ఛార్జి చేసుకోండి" అన్నాను. ఆపరేటరు నా మాటలు తిరిగి చదివాడు. రెండు నిమిషాలకు పంపు హౌసులో మోటారు ఊపిరి తీసుకుంది. కుళాయి ముందు గాలిని కక్కి, తర్వాత ఎర్రనీళ్ళు, ఆ తర్వాత తేట నీళ్ళు పోసింది. జవాన్లు ఏదో నినాదం చేశారు. మావాళ్ళు ఈలలు వేశారు. నేను మాచర్ల రాళ్ళ మీద నిలబడి మొహం కడుక్కున్నాను.

ఆవిడ వంతు వచ్చింది. బిందె నింపుకుని నడుమున పెట్టుకుంది. అక్కడి నుంచి పల్లెకు రెండు దారులు. ఒకటి వాగు చుట్టూ, ఒకటి తీగ కింద సూటిగా. ఆవిడ తొమ్మిదో స్తంభం దాకా వచ్చి ఆగింది, తలెత్తి తీగ వైపు చూసింది. ఏం భయం లేదు పెద్దమ్మా అని చెప్పాలనుంది. ఆ మాట అనే హక్కు నేను పోగొట్టుకున్నాను. అందుకని వెళ్ళి సరిగ్గా తీగ కింద, ఆమె దారిలో నిలబడ్డాను. తర్వాత ఆవిడ నడిచి నా దగ్గరికి వచ్చింది.

"పక్కకు జరుగు నాయనా, బిందె తగులుద్ది" అని నన్ను దాటుకుని పల్లెకు పోయింది.